మందు బిళ్ల ధరలో నక్కవాగు ఖర్చు కూడా కలపండి

తెలంగాణ రాష్ట్ర ఆర్థిక శాఖ మంత్రి గారికి, పరిశ్రమల శాఖ మంత్రి గారికి నమస్కారాలు.

హైదరాబాద్ పారిశ్రామిక భూముల మార్పిడి విధానానికి, అదే అందరూ హిల్ట్ అంటున్నదానికి, 2025 నవంబరులో మీ ప్రభుత్వం జీవో ఇచ్చింది. నగరంలోనూ ఔటర్ రింగ్ రోడ్డు చుట్టుపక్కలా ఉన్న 22 పారిశ్రామిక వాడల్లో సుమారు 9,292 ఎకరాలను ఇళ్లకు, ఆఫీసులకు, మాల్స్‌కు వాడుకోవచ్చని చెప్పారు. రోడ్డు వెడల్పును బట్టి రిజిస్ట్రేషన్ విలువలో 30 శాతమో 50 శాతమో కట్టమన్నారు. ఆ రేటు తక్కువా ఎక్కువా, లాభం ఎవరి జేబులోకి పోతుంది అని పార్టీల మధ్య పెద్ద గొడవే నడిచింది. ఆ గొడవ వాళ్లకే వదిలేస్తాను. నేను అడగదలచుకున్నది వేరే. ఆ షెడ్ల కింద ఉన్న మట్టిని ఎవరు శుభ్రం చేస్తారు? ఎవరి డబ్బుతో?

నేను పటాన్‌చెరు ప్రాంతంలో ఉంటాను. బల్క్ డ్రగ్, అంటే బిళ్లల్లోకి పోయే అసలు మందు పొడి తయారుచేసే ఫ్యాక్టరీల్లో ప్రొడక్షన్ విభాగంలో పనిచేసి రిటైరయ్యాను. ఆ జీతంతోనే పిల్లల్ని చదివించుకున్నాను కాబట్టి పరిశ్రమ మీద నాకు కోపమేమీ లేదు. అయితే రియాక్టర్ దగ్గర నిలబడ్డవాడికి కనిపించే సంగతి ఒకటుంది. బ్యాచ్ అయిపోయాక పొడి మందు డ్రయ్యర్‌లోకి పోతుంది, మిగిలిందంతా ఇంకో దారిన పోతుంది. ఆ మిగిలింది చిన్నాచితకా కాదు. ఔషధ తయారీలో కిలో సరుకుకు 25 నుంచి 100 కిలోలకు పైగా వ్యర్థం వస్తుందని రసాయన శాస్త్రవేత్తలు ఎప్పుడో లెక్క కట్టారు. మందు వడగట్టాక మిగిలే ద్రవం (మదర్ లిక్కరు), డిస్టిలేషన్ చేశాక అడుగున మిగిలే తారులాంటి ముద్ద, వాడేసిన కార్బన్, వ్యర్థజలాల శుద్ధి ప్లాంటు (ఈటీపీ) బురద. ఇవన్నీ ఎక్కడికో ఒకచోటికి పోవాల్సిందే. దుండిగల్‌లో ప్రమాదకర వ్యర్థాలను పూడ్చే కేంద్రం మొదలైంది 2001లో. పటాన్‌చెరులో ఫ్యాక్టరీలు మొదలైంది 1970ల్లో. మధ్యలో గడిచిన పాతికేళ్ల సరుకు ఎక్కడుందో కాజిపల్లిలోనో గడ్డపోతారంలోనో ఏ రైతును అడిగినా చెయ్యి చాపి చూపిస్తాడు.

ఈ వాడలు ఎందుకొచ్చాయో మీకు చెప్పక్కర్లేదు. బాలానగర్‌లో కేంద్ర ప్రభుత్వ మందుల కంపెనీ ఐడీపీఎల్ వచ్చింది, 1970 పేటెంట్ చట్టం దారి తెరిచింది, ఐడీపీఎల్‌లో పని నేర్చుకున్నవాళ్లు బయటికొచ్చి సొంత కంపెనీలు పెట్టారు. ప్రపంచానికి చవక మందులు హైదరాబాద్ నుంచి పోయాయి. ఆఫ్రికాలో ఎయిడ్స్ రోగికి, అమెరికాలో బీపీ రోగికి, మన గాంధీ ఆసుపత్రి క్యూలో నిలబడ్డవాడికి అందరికీ మేలు జరిగింది. ఆ చవక ధరలో కొంత భాగాన్ని మాత్రం నక్కవాగు కట్టింది. అది మంజీరలో కలిసే చిన్న వాగు. మంజీర నీళ్లు హైదరాబాద్ తాగినవే.

2007లో స్వీడన్ శాస్త్రవేత్తలు ఒక పరిశోధన ప్రచురించారు. సుమారు 90 బల్క్ డ్రగ్ కంపెనీల వ్యర్థజలాలను శుద్ధి చేసే పటాన్‌చెరు ఉమ్మడి ప్లాంటు నుంచి బయటికొచ్చే నీళ్లను పరీక్షించారు. లీటరులో సిప్రోఫ్లాక్సాసిన్ 31 మిల్లీగ్రాముల వరకు ఉంది. ఆ మందు వేసుకున్న రోగి రక్తంలో ఉండేదానికన్నా ఎక్కువ. ఒక్క రోజులో అక్కడి నుంచి పోయే సిప్రో సుమారు 45 కిలోలు, అంటే 90 లక్షల జనాభా ఉన్న స్వీడన్ మొత్తం ఐదు రోజుల్లో వాడేంత. ఇది శుద్ధి చేశాక వదిలిన నీళ్ల లెక్క అని గుర్తుపెట్టుకోండి. మట్టి సంగతి ఇంకోటి. ఇక్కడి నేలలో ఆర్సెనిక్, క్రోమియం లాంటి లోహాలు మోతాదు మించి ఉన్నాయని మన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్‌ఐ) వాళ్లే చెప్పారు. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దేశంలోని 88 పారిశ్రామిక ప్రాంతాలకు మార్కులు వేస్తే, 70 దాటి తీవ్రంగా కలుషితమైనవిగా తేలిన 43లో పటాన్‌చెరు-బొల్లారం ఉంది (70.07), విశాఖపట్నమూ ఉంది (70.82). ఇలాంటి పరీక్షలో మాత్రం మన రెండు రాష్ట్రాలూ పోటాపోటీగా పాసయ్యాయి.

మీ ఫైళ్లలో దీనికి సిద్ధంగా ఒక జవాబు ఉంటుందని తెలుసు. "కాలుష్యం చేసినవాడే మూల్యం చెల్లించాలి అన్న సూత్రం ఉంది కదా, కోర్టులు ఉన్నాయి కదా" అని. ఆ దారిలో నడిచినవాళ్లకు ఏం జరిగిందో చూడండి. పటాన్‌చెరు కాలుష్యం మీద సుప్రీంకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం పడింది 1990లో. 2001లో అది హైకోర్టుకు వచ్చింది. 2013లో జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు మారింది. అక్కడ తీర్పు 2017లో. మధ్యలో గ్రామాలకు మంచినీళ్లు ఇమ్మని, రైతులకు పరిహారం ఇమ్మని ఆదేశాలు వచ్చాయి, కొంత మేలు జరిగింది, కాదనను. డాక్టర్ కిషన్‌రావు గారి లాంటి వాళ్లు జీవితమే దానికి పెట్టారు. కానీ 27 ఏళ్ల కేసులో ఎన్ని కంపెనీలు పేర్లు మార్చుకున్నాయో, ఎన్ని అమ్ముడుపోయాయో, ఎన్ని గేటుకు తాళమేసి వెళ్లిపోయాయో ఆలోచించండి. తీర్పు వచ్చేసరికి నేరం చేసినవాడి చిరునామాలో ఇంకెవడో గోడౌన్ నడుపుతుంటాడు.

రాజస్థాన్‌లో ఉదయ్‌పూర్ దగ్గర బిచ్చ్‌రీ అనే ఊరుంది. అద్దకపు రంగులకు వాడే హెచ్-యాసిడ్ తయారుచేసిన ఫ్యాక్టరీలు ఊరి బావులన్నీ ఎర్రగా చేసి పెట్టాయి. 1996 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు మన దేశంలో ఈ సూత్రానికి పునాది. లా కాలేజీల్లో ఇప్పటికీ పాఠం చెబుతారు. ఆ తర్వాత 1997లో శుద్ధికి 37.385 కోట్లు కట్టమన్నారు. కంపెనీ ఒకదాని మీద ఒకటి పిటిషన్లు వేస్తూ పోయింది. చివరికి 2011లో కోర్టుకు కోపమొచ్చి, ఆలస్యానికి 12 శాతం చక్రవడ్డీతో కట్టమంది. 1989లో వేసిన కేసులో సూత్రం గెలవడానికి ఆరేడేళ్లు, దాన్ని అమలు చెయ్యమని చెప్పడానికి ఇంకో పదిహేనేళ్లు! ఆ కేసు వేసిన సంస్థే మన పటాన్‌చెరు కేసు కూడా వేసింది.

ఇక భోపాల్ విషవాయువు కేసు. 1989లో యూనియన్ కార్బైడ్ 47 కోట్ల డాలర్లిచ్చి చేతులు కడుక్కుంది. ఆ ఫ్యాక్టరీ ఆవరణలో మిగిలిన 337 టన్నుల విషాన్ని 2025 జనవరిలో పన్నెండు కంటైనర్లలో పీథంపూర్ తరలించి, జూన్ చివరికి కాల్చి ముగించారు. దానికి కేటాయించిన 126 కోట్లు కేంద్ర ఖజానావి. అంటే మీవీ నావీ. అదనపు పరిహారం కోసం వేసిన పిటిషన్‌ను సుప్రీంకోర్టు 2023లోనే కొట్టేసింది. దేశంలో అంతకన్నా పేరుమోసిన కేసు లేదు, నేరస్థుడెవరో స్కూలు పిల్లలకు కూడా తెలుసు. అయినా ఊడ్చే ఖర్చు జనం మీదే పడింది. పేరూ ఊరూ లేని జీడిమెట్ల షెడ్డు గతేమిటి?

అందుకే నేను అడిగేది కేసుల మీద ఆధారపడని డబ్బు. నడుస్తున్న పరిశ్రమ నుంచి, నడుస్తుండగానే, ప్రతి టన్ను మీదా కొంచెం కొంచెం తీసి ఒక నిధిలో వేయాలి. ఇది నా బుర్రలో పుట్టిన ఆలోచన కాదు. అమెరికా 1980లోనే చేసింది.

అక్కడి కథ మీ హిల్ట్‌కు బాగా దగ్గరి కథ కాబట్టి కాస్త చెప్పనివ్వండి. న్యూయార్క్ రాష్ట్రం నయాగరా ఫాల్స్‌లో లవ్ కెనాల్ అని సగం తవ్వి వదిలేసిన కాలువ ఉండేది. హుకర్ కెమికల్ అనే కంపెనీ 1942 నుంచి 1953 దాకా అందులో సుమారు 21,000 టన్నుల రసాయన వ్యర్థాలను పడేసి, మట్టి కప్పి, ఆ స్థలాన్ని స్కూలు బోర్డుకు ఒక్క డాలరుకు రాసిచ్చింది. తర్వాత ఏం జరిగినా మాది బాధ్యత కాదని దస్తావేజులోనే రాసుకుంది. అక్కడ స్కూలు కట్టారు. చుట్టూ ఇళ్లు లేచాయి. 1970ల్లో సెల్లార్లలోకి రసాయనాలు ఊరడం మొదలైంది. లోయిస్ గిబ్స్ అనే గృహిణి ఇంటింటికీ తిరిగి జబ్బుల లెక్క రాసింది. 1978 ఆగస్టులో అధ్యక్షుడు కార్టర్ అత్యవసర పరిస్థితి ప్రకటించాడు, వందల కుటుంబాలను ఖాళీ చేయించారు. ఫ్యాక్టరీ స్థలం, తక్కువ ధర, కొత్త యజమాని, పైన ఇళ్లు. ఈ నాలుగూ మన జీవోలో కూడా ఉన్నాయా లేదా మీరే చూసుకోండి.

1980 డిసెంబరులో వచ్చిన చట్టానికి జనం పెట్టుకున్న పేరు సూపర్‌ఫండ్. ముడి చమురు మీద, 42 రసాయనాల మీద పన్ను వేసి, ఐదేళ్లలో 160 కోట్ల డాలర్ల నిధి ఏర్పాటు చేశారు. చెత్త వేసినవాడు దొరికితే వాడితోనే కట్టిస్తారు. దొరక్కపోతే, దివాలా తీస్తే, నిధి నుంచి పని మొదలవుతుంది. వాడు దొరికేదాకా మట్టి ఆగదు కదా.

ఇందులో నాకు బాగా నచ్చిన తెలివి ఒకటుంది. వాళ్లు పన్ను వ్యర్థం మీద వెయ్యలేదు, ముడిసరుకు మీద వేశారు. ఫ్యాక్టరీలో పనిచేసిన ఎవరికైనా దీని విలువ వెంటనే తెలుస్తుంది. వ్యర్థం మీద టన్నుకు ఇంత అని పెడితే ఏమవుతుంది? రిజిస్టర్‌లో వ్యర్థం తగ్గిపోతుంది. రాత్రి రెండు గంటలకు నంబరు ప్లేటుకు బురద పూసుకున్న ట్యాంకర్ ఇంకొకటి ఎక్కువవుతుంది. అదే గేటులోంచి లోపలికొచ్చే టోలూన్, మిథనాల్, ఎండీసీ లాంటి ద్రావకాల ప్రతి ట్యాంకర్‌కూ బిల్లు ఉంటుంది, ఈ-వే బిల్లు ఉంటుంది, ముడిసరుకు మీద కట్టిన జీఎస్టీని సర్దుకోవడానికి ఇన్‌పుట్ క్రెడిట్ కావాలి కాబట్టి కంపెనీ దాన్ని దాచిపెట్టుకోదు. లోపలికొచ్చే దాన్ని కొలవడం మీ కమర్షియల్ ట్యాక్స్ ఆఫీసులో కూర్చున్న గుమస్తాకు చేతనవుతుంది. బయటికి పోయేదాన్ని కొలవాలంటే చీకట్లో వాగు గట్టున కాపలా కాయాలి.

రేటు గురించి భయపడనక్కర్లేదు. అమెరికాలో ఇప్పుడు టన్ను టోలూన్ మీద సూపర్‌ఫండ్ పన్ను 9.74 డాలర్లు. టన్ను టోలూన్‌కు కంపెనీ పెట్టే ధరలో అది ఒక శాతానికి అటూ ఇటూ. మందు బిళ్ల దగ్గరికొచ్చేసరికి పైసల్లో కూడా కనబడదు. ఈ మాత్రం దానికి కంపెనీ మూతపడుతుందని ఎవరైనా మీ దగ్గరికొచ్చి కన్నీళ్లు పెట్టుకుంటే, వాళ్ల బ్యాలెన్స్ షీటు తెప్పించి చూడండి.

ఆ దేశం చేసిన తప్పు కూడా చెబుతాను. 1995 చివర ఆ పన్నుల గడువు తీరిపోతే, పరిశ్రమల ఒత్తిడికి కాంగ్రెస్ మళ్లీ పొడిగించలేదు. 2003కల్లా నిధిలో పోగైన సొమ్ము అడుగంటింది. తర్వాత శుద్ధి పనులకు సాధారణ ఖజానా డబ్బే దిక్కయింది, పనులు నత్తనడక పట్టాయి. రసాయనాల మీద పన్ను 2022 జులైలో, చమురు మీద బ్యారెల్‌కు 16.4 సెంట్లు 2023 జనవరిలో తిరిగొచ్చాయి. పాతికేళ్లకు పైగా పన్ను లేకుండా పోయింది, ఆ పాతికేళ్లూ చెత్త మాత్రం అక్కడే ఉంది.

పరిశ్రమవాళ్ల అభ్యంతరాల్లో ఒకటి న్యాయమైనది. "నేను 2015లో పెట్టిన యూనిట్ ఇది, వ్యర్థజలం చుక్క కూడా బయటికి వదలకుండా జీరో డిశ్చార్జి నడుపుతున్నాను, దుండిగల్‌కు టన్ను లెక్కన కడుతున్నాను. 1985లో ఎవడో వదిలిన దానికి నేనెందుకు కట్టాలి?" ఈ ప్రశ్న అడిగేవాళ్లలో నాకు తెలిసిన మంచి యజమానులున్నారు. వాళ్లకు నేను చెప్పేది: మీ యూనిట్ నిలబడ్డ మార్కెట్‌ను, మీ ఆపరేటర్ల పనితనాన్ని, హైదరాబాద్ మందు అంటే విదేశీ కొనుగోలుదారుకున్న నమ్మకాన్ని ఆ 1985 వాళ్లే తయారుచేశారు. ఆస్తి పంచుకున్నవాళ్లు అప్పు కూడా పంచుకోవాలి. అయినా సరే, మీరు కట్టకపోతే కట్టేదెవరు? పటాన్‌చెరు పక్క బాచుగూడెం రైతు. అతను మీ కన్నా ఏ విధంగా బాధ్యుడు? చిన్న యూనిట్లకు రేటు తగ్గించండి, ఒప్పుకుంటాను. పూర్తి మినహాయింపు మాత్రం వద్దు. చిన్న యూనిట్ వదిలిన ఎండీసీ చిన్నగా విషం ఎక్కించదు.

"ఇక్కడ పన్ను వేస్తే విశాఖ దగ్గరి పరవాడకో గుజరాత్‌కో పోతారు" అన్నది రెండో మాట. ఇందులో కొంత నిజముంది. నక్కపల్లిలో బల్క్ డ్రగ్ పార్కు కట్టుకుంటున్న ఆంధ్రప్రదేశ్ మనకు పోటీయే. అందుకే ఈ పన్ను దేశమంతటా ఒకేలా ఉండాలి, జీఎస్టీ కౌన్సిల్‌లో అడగాలి. ఆర్థిక మంత్రి గారు అక్కడ సభ్యులు. ఆంధ్రప్రదేశ్ ఆర్థిక మంత్రి గారూ అదే బల్ల దగ్గర కూర్చుంటారు. విశాఖ, పటాన్‌చెరు రెండూ ఒకే జాబితాలో ఉన్నప్పుడు ఇద్దరూ కలిసి అడగడానికి నామోషీ ఏముంది? ఒకప్పుడు పరిశ్రమలు వాడే నీటి మీద 1977 నాటి చట్టం కింద సెస్సు ఉండేది, ఎక్కువ వాటా రాష్ట్రాల కాలుష్య బోర్డులకు వచ్చేది. 2017లో జీఎస్టీ వస్తూ దాన్ని రద్దు చేసింది. పోయినదాని బదులు ఏదైనా ఇమ్మని అడిగే హక్కు రాష్ట్రాలకు ఉంది.

ఇక్కడ నాకు పరిశ్రమ కన్నా మీ మీదే అనుమానం ఎక్కువ, క్షమించాలి. పన్ను వసూలు చేయడం ప్రభుత్వాలకు బాగా వచ్చు. అనుకున్నదానికి ఖర్చు పెట్టడమే రాదు. 2010లో బొగ్గు మీద టన్నుకు 50 రూపాయల స్వచ్ఛ ఇంధన సెస్సు మొదలైంది, 2016కల్లా 400 అయింది. 2017-18 దాకా మొత్తం 86,440 కోట్లు వచ్చాయి. జాతీయ స్వచ్ఛ ఇంధన నిధికి చేరింది 29,645 కోట్లు. అందులోంచి పనులకు పోయింది 15,911 కోట్లు. మిగతాది రాష్ట్రాలకు జీఎస్టీ నష్టపరిహారం దారి పట్టింది. మీరూ ఆ వాటా పుచ్చుకున్నవారే. ఈ శుద్ధి నిధికి కూడా అదే గతి పడితే, మొదట్లోనే వద్దనేవాణ్ని నేనే. డబ్బు సాధారణ ఖజానాలో, అంటే సంచిత నిధిలో కలవకుండా, వేరే ఖాతాలో, చట్టంతో తాళం వేసి ఉండాలి. ఏ సర్వే నంబరులో ఎంత మట్టి తీశారు, ఎంత ఖర్చయింది అన్నది ప్రతి ఏటా అసెంబ్లీ ముందు పెట్టాలి. నిర్వాహక మండలిలో ఆ గ్రామాల మనుషులు ఉండాలి, కనీసం ముగ్గురు.

కౌన్సిల్‌లో ఒప్పించేదాకా ఊరుకోనక్కర్లేదు. మీ చేతిలో ఇప్పుడే ఉన్నవి రెండున్నాయి.

మొదటిది హిల్ట్ ఫీజు. ఆ 30, 50 శాతాల్లోంచి ఒక స్థిరమైన వాటాను మట్టి శుద్ధికి కేటాయిస్తూ జీవోను సవరించండి. మార్పిడికి దరఖాస్తు చేసుకున్న ప్రతి ప్లాటులో బోర్లు వేసి మట్టి, భూగర్భజలం పరీక్ష చేయించి, రిపోర్టును జనానికి కనబడేలా పెట్టాకే అనుమతి ఇవ్వండి. పరీక్ష ఖర్చు దరఖాస్తుదారుడిదే. జీడిమెట్ల, కాటేదాన్, నాచారం, బాలానగర్‌లో ముప్పై ఏళ్లు రసాయనాలో బ్యాటరీలో పెయింట్లో చేసిన స్థలంలో పదో అంతస్తు ఫ్లాటుకు కోటి పెట్టే కుటుంబానికి పునాది కింద ఏముందో తెలుసుకునే హక్కు ఉండాలి కదా. లేకపోతే ఆ టెన్షన్ అంతా వాళ్ల పిల్లలది.

రెండోది 2025 జులైలో కేంద్రం ఇచ్చిన కలుషిత స్థలాల నిర్వహణ నిబంధనలు. వాటి ప్రకారం స్థానిక సంస్థ గానీ జిల్లా యంత్రాంగం గానీ అనుమానం ఉన్న స్థలాల జాబితాను ఆరు నెలలకోసారి పంపాలి. కాలుష్య నియంత్రణ మండలి 90 రోజుల్లో ప్రాథమిక పరీక్ష చేయాలి, ఇంకో 90 రోజుల్లో వివరమైన సర్వే. బాధ్యుడెవరో తేలాలి. బాధ్యుడు లేకపోతే, కట్టలేకపోతే ఖర్చు కేంద్రం, రాష్ట్రం పంచుకోవాలి. శుద్ధి ఎప్పటికి ముగించాలో గడువు మాత్రం అందులో లేదు. దేశంలో గుర్తించిన 103 స్థలాల్లో పని మొదలైంది ఏడింట్లోనే అని ఆ నిబంధనలు వచ్చినప్పుడే పత్రికల్లో వచ్చింది. రాష్ట్రం తన వాటా ఎక్కడి నుంచి తెస్తుంది? రైతు భరోసా పద్దులోంచా, ఆరోగ్యశ్రీలోంచా? అక్కడ కోత పడకూడదనుకుంటే పరిశ్రమ నిధి ఒక్కటే దారి.

సంగారెడ్డి, మేడ్చల్-మల్కాజిగిరి, రంగారెడ్డి కలెక్టర్లు ఈ నిబంధనల కింద ఏ ఏ స్థలాల పేర్లు పంపారో ఆ జాబితాను బయటపెట్టమని కోరుతున్నాను. పంపకపోతే ఎప్పటికి పంపుతారో చెప్పండి. హిల్ట్ కింద వచ్చిన దరఖాస్తుల సర్వే నంబర్లతో ఆ జాబితాను పక్కపక్కన పెట్టి చూసే పని మా ఊళ్లో మేమే చేసుకుంటాం.

ఇట్లు,
పటాన్‌చెరు ప్రాంత నివాసి,
బల్క్ డ్రగ్ పరిశ్రమ విశ్రాంత ఉద్యోగి